విప్పిన ట్రాలీ దేనిమీద నిలబడాలి?

ఎల్లంతకుంట మండలంలో ట్రాక్టర్‌కు ఏడాదంతా ఒకటే పని ఉండదు. నాట్లకు ముందు కేజీ వీల్స్ తొడుక్కుని కరిగెటలో దిగుతుంది. మెట్ట దున్నకానికి కల్టివేటర్, రోటవేటర్ తగిలించుకుంటుంది. కోతలయ్యాక ట్రాలీ కట్టుకుని వడ్లను కొనుగోలు కేంద్రానికి మోస్తుంది. ఇదే మండలంలో 3.5 టీఎంసీల అనంతగిరి రిజర్వాయర్‌కు 2020లో గోదావరి నీళ్లు చేరాయి. వానాకాలం, యాసంగి రెండు పంటలకూ ట్రాక్టర్ పరుగులు తప్పవు. పని మారినప్పుడల్లా ఒక పరికరాన్ని విప్పి పక్కన పెట్టాల్సిందే. ట్రాక్టర్‌కు పరికరాన్ని తగిలించడం మీద వందేళ్లుగా గొప్ప మేధస్సు ఖర్చయింది. విప్పి నిలబెట్టడాన్ని మాత్రం దొరికిన రాయికీ, మొద్దుకీ వదిలేశాం. ఈ రెండో పనిలోనూ ప్రాణాలు పోవచ్చు కాబట్టి దాన్నీ యంత్రంలో భాగంగానే చూడాలి.

తగిలించే విద్యకు ఆద్యుడు ఐర్లండ్‌లో 1884లో పుట్టిన హ్యారీ ఫెర్గూసన్. అంతకుముందు ట్రాక్టర్లు నాగలిని గొలుసుతో లాగేవి. నాగలి ఏ బండకో తట్టుకుంటే ఇంజిన్ బలం ముందు చక్రాలను గాల్లోకి లేపేది, బండి వెనక్కి తిరగబడి నడిపే మనిషి మీద పడేది. ఫెర్గూసన్ పరికరాన్ని మూడు చోట్ల పట్టి, దాన్ని హైడ్రాలిక్ లిఫ్ట్‌తో ఎత్తించాడు. భూమి అడ్డుకునే బలాన్ని పై కడ్డీ ట్రాక్టర్ ముక్కును కిందికి నొక్కే బలంగా మార్చింది. 1936లో ఈ ఏర్పాటుతో ఆయన ట్రాక్టర్ మార్కెట్‌లోకి వచ్చింది. 1938లో హెన్రీ ఫోర్డ్‌తో కాగితం లేకుండా, చెయ్యి కలిపి ఒప్పందం చేసుకున్నాడు. మరుసటి ఏడాదే ఫోర్డ్ 9ఎన్ వచ్చింది. 1960లో మద్రాసులో మొదలైన టాఫే కంపెనీ ద్వారా మాసీ ఫెర్గూసన్ పేరు మన పొలాలకూ చేరింది. నేటి మన రోటవేటర్ వెనక ఉన్నది ఆ మూడు చోట్ల పట్టే కడ్డీలే.

ట్రాలీ సంగతి వేరు. దానికి ఆధారం వెనక ఇరుసు, ముందు హుక్కు మాత్రమే. ఇరుసుకూ హుక్కుకూ మధ్య 3 మీటర్లు, బరువు మొత్తం 4,500 కిలోలు, ఆ బరువు కేంద్రం ఇరుసుకు అర మీటరు ముందు ఉందనుకుందాం. అప్పుడు హుక్కు మీద 750 కిలోలు పడతాయి. పిన్ను లాగిన క్షణంలో అంత బరువునూ ఇంకేదో మొయ్యాలి. ఆ భారమే లేకుండా సరుకు సరిగ్గా ఇరుసు మీద సర్దితే పోదా అని ఎవరైనా అడగొచ్చు. పోదు. ఆ కొంత భారమే ట్రాక్టర్ వెనక చక్రాలకు నేలమీద పట్టునిస్తుంది. ఫెర్గూసన్ తన ట్రాలీల్లో కావాలనే ఇరుసును వెనక్కి జరిపాడు. పైగా సరుకు దించుతుంటే కేంద్రం కదులుతూనే ఉంటుంది. ముందువైపు బస్తాలు మొదట దించి, వెనకవి అలాగే ఉంచి పిన్ను తీస్తే, ముందు భాగం పడటానికి బదులు ఒక్కసారిగా పైకి లేస్తుంది. పిన్ను మీద వంగిన మనిషి ముఖం సరిగ్గా అక్కడే ఉంటుంది. అందుకే ట్రాలీని ఖాళీ చేశాకే, చదునైన చోట, చక్రాలకు ముందూ వెనకా అడ్డుపెట్టాకే విప్పాలి.

ఇక రోటవేటర్ లాంటి పరికరాల విషయంలో “ఇన్నేళ్లుగా లిఫ్ట్ మీదే వదిలేస్తున్నాం, ఏమైంది?” అన్నది పాత మాట. ఎత్తే బలం వేరు, నిలబెట్టే బలం వేరు. హైడ్రాలిక్‌లో బరువును ఆపేది మూసుకున్న నూనె. సీలు అరిగితే పరికరం గంటల్లో మెల్లగా దిగుతుంది. గొట్టం పగిలినా, ఆడుకునే పిల్లవాడు లివర్ కదిపినా క్షణంలో దిగుతుంది. నాలుగైదు వందల కిలోల రోటవేటర్ కింద బ్లేడు మార్చే మెకానిక్‌కు ఆ క్షణం చాలదు. మర జాకీ అలా కాదు. దాని మరచుట్టు వాలు తక్కువ కాబట్టి, రాపిడి వల్ల బరువు దాన్ని వెనక్కి తిప్పలేదు, తిప్పితేనే దిగుతుంది. అమెరికాలో పికప్ ట్రక్కు వెనక ఎక్కించే చిన్న నివాస గదిని విప్పేటప్పుడూ ఇదే లెక్క: నాలుగు మూలల జాకీలతో ఎత్తి, ట్రక్కును బయటికి నడిపి, ఆ తర్వాత గదిని ఎత్తులో వదిలేయకుండా వీలైనంత కిందికి దించి గట్టి దిమ్మెల మీద ఆనిస్తారు.

జాకీ ఉంటే సరిపోతుందా అంటే, దాని కింద నేల కూడా ఉండాలి. ఆ 750 కిలోలు 50 చదరపు సెంటీమీటర్ల జాకీ పాదం మీద పడితే చదరపు సెంటీమీటరుకు 15 కిలోల ఒత్తిడి. వానకు నానిన నల్లరేగడి దాన్ని మొయ్యలేదు, పాదం దిగబడి ట్రాలీ పక్కకు ఒరుగుతుంది. అదే పాదం కింద 30 సెంటీమీటర్ల చదరపు మందపాటి చెక్క వేస్తే ఒత్తిడి ఒక కిలోకన్నా తక్కువకు పడిపోతుంది. ఖర్చవుతుందన్న అభ్యంతరానికి ఈ చెక్కే జవాబు. పాత ఇనుప పలకను కోసి జాకీ కాలికి అతికించడం ఏ వెల్డింగ్ షాపులోనైనా చేసే పనే. నెలల తరబడి వాడని ట్రాలీ అయితే ఇరుసు కింద కూడా స్టాండ్లు పెట్టి, టైర్ల మీద బరువు తీసి, ఎండ తగలకుండా కప్పాలి. రోటవేటర్‌ను ట్రాక్టర్‌కు వేలాడదీయకుండా దాని సొంత స్టాండు మీదకో, చెక్కల మీదకో దించాకే ఇంజిన్ ఆపాలి.