పాప బరువు కార్డు కూడా పాసుబుక్కే

ఈ బులెటిన్‌లో సాధారణంగా స్కాలర్‌షిప్ దరఖాస్తులు, మార్కులు, కోర్సుల గురించి వ్రాస్తుంటాము. ఈసారి ఇంకా బడి మెట్లెక్కని పసిపిల్లల గురించి వ్రాయాలనిపించింది. మొదటి ఐదారేళ్ళలో సరిగా ఎదగని బిడ్డకు తరువాత ఎంత స్కాలర్‌షిప్ ఇచ్చినా ఆ లోటు పూర్తిగా తీరడం కష్టం. పైగా మనలో చాలా ఇళ్ళలో ఇప్పుడు తల్లీ తండ్రీ ఇద్దరూ పనికి వెళుతున్నారు. బిడ్డ పగలంతా డే కేర్ సెంటరులోనో, అంగన్‌వాడీలోనో గడుపుతున్నది.

నేను షోలాపూర్‌లో బ్యాంకు గుమస్తాగా 34 ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. సంతకం సరిచూడకుండా ఒక్క వోచరు కూడా పాస్ చేసినవాణ్ణి కాదు. అటువంటి నేను నా మనవరాలి బరువు కార్డు మీద మూడు నెలలు చూడకుండా సంతకం పెట్టాను. ఆ సంగతి ముందు చెప్పుకుంటాను.

కొడుకు, కోడలు ఇద్దరూ ఉద్యోగస్తులు కావడం చేత రెండేళ్ళు నిండబోతున్న పాపను ఉదయం తొమ్మిదింటికి పాళణాఘర్‌లో దింపి, సాయంత్రం తీసుకువచ్చే పని నాది. ఇక్కడ డే కేర్ సెంటరును పాళణాఘర్ అంటారు. అక్కడ నెలకొకసారి బరువు తూచి కార్డులో వ్రాసి మన సంతకం తీసుకుంటారు. జూన్‌లో 10.4 కిలోలు, జూలైలో 10.4, ఆగస్టులో 10.3. సెప్టెంబరులో సంతకం పెట్టబోతూ పై వరుసలు చూశాను. నా పాసుబుక్కులో ఇలా మూడు నెలలు జమ పడకపోతే ఆ రోజే కౌంటరు దగ్గరకు వెళ్ళి అడిగేవాణ్ణి కదా అనిపించి సిగ్గేసింది.

అడిగితే తేలినదేమిటంటే, ఇంట్లో బాగా తింటుందని సెంటరువారు అనుకున్నారు. సెంటరులో తింటుందని మేము అనుకున్నాము. అసలు కారణంలో నా వాటా కూడా ఉంది. దారిలో మారాం చేయకుండా రోజూ టీలో ముంచిన బిస్కెట్లు నేనే తినిపించేవాణ్ణి. పది గంటలకు పెట్టే ఉప్మాకు దానికి ఆకలి ఉండేది కాదు. డాక్టరుగారు పరీక్ష చేయించి రక్తహీనత ఉందన్నారు. టీ ఆహారంలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదని చెప్పి ముందు అది మాన్పించారు. నులిపురుగుల మందు ఇచ్చిన రోజున పాప ఊళ్ళో లేదు, తరువాత మేమెవరం అడగలేదు. మందులు వాడి, తిండి వేళలు సరిచేశాక బరువు మళ్ళీ పెరగసాగింది.

కార్డును ఎలా చదవాలి

బిడ్డ పుట్టినప్పటి బరువు సుమారు 5 నెలలకు రెట్టింపు, ఏడాదికి మూడు రెట్లు, రెండేళ్ళకు నాలుగు రెట్లు కావాలి. ఆ తరువాత ఐదేళ్ళ వరకు ఏడాదికి దాదాపు 2 కిలోలు పెరగాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో విడుదల చేసిన ప్రమాణాల ప్రకారం మన అంగన్‌వాడీలలో పెరుగుదల రేఖ గీస్తారు. ఆకుపచ్చ భాగంలో ఉంటే మామూలు బరువు, పసుపు భాగంలో ఉంటే తక్కువ బరువు, నారింజ భాగంలో ఉంటే బాగా తక్కువ బరువు అని అర్థం.

చాలామంది పొరబడేది ఇక్కడే. మా మనవరాలు మూడు నెలలూ ఆకుపచ్చలోనే ఉంది. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. చుక్క ఎక్కడ పడింది అన్నదానితోపాటు, రేఖ ఎటు పోతున్నది అన్నది కూడా చూడాలి. రేఖ పైకి పోవాలి. రెండు నెలలు వరుసగా అడ్డంగా పోయినా, కిందికి దిగినా ఆగకుండా కారణం వెదకాలి. 2021 నుండి అంగన్‌వాడీలలో ఈ వివరాలు పోషణ్ ట్రాకర్ అనే ఫోన్ యాప్‌లో కూడా ఎక్కిస్తున్నారు. ఫోనులో ఎక్కింది కదా అని ఊరుకోక, మీ చేతిలోని కార్డులో కూడా వ్రాయమని అడగండి.

రెండు పుస్తకాలు ట్యాలీ కావాలి

బిడ్డ పగటి ఎనిమిది గంటల సంగతి సెంటరుకు తెలుసు, మిగిలిన పదహారు గంటల సంగతి మనకు తెలుసు. ఈ రెండు లెక్కలూ కలిపి చూసేవారు లేకపోతే తప్పు ఎక్కడున్నదో ఎవరికీ కనబడదు. దీనికి పెద్ద మీటింగులు అక్కరలేదు. ఉదయం దింపేటప్పుడు మూడు మాటలు చెప్పాలి: రాత్రి నిద్ర పట్టిందా, పొద్దున ఏమి తిన్నది, జ్వరం గాని విరేచనాలు గాని ఉన్నాయా. సాయంత్రం అవే మూడు మాటలు మనం అడగాలి.

నాలుగో మాట మన వంటి వారికి ప్రత్యేకం. మన ఇంట్లో తెలుగు, సెంటరులో మరాఠీయో, కన్నడమో, తమిళమో, ఒడియానో. మా పాప దప్పికను మా ఇంటి మాటలో 'దూప' అంటుంది. అక్కడి మావశి దానిని 'తూప్' అనుకున్నది. మరాఠీలో తూప్ అంటే నెయ్యి. పాపం, బిడ్డ నీళ్ళడిగినప్పుడల్లా ఆమె అన్నంలో నెయ్యి వేస్తానని బుజ్జగించేదట! ఆమెలో ప్రేమకు లోటు లేదు, మాట తెలియలేదు అంతే. అందుచేత బువ్వ, నీళ్ళు, ఉచ్చ, కడుపునొప్పి, నిద్ర వంటి పది మాటలు మీ బిడ్డ ఎలా పలుకుతుందో స్థానిక లిపిలో ఒక కాగితం మీద వ్రాసి సెంటరులో ఇవ్వండి.

జబ్బు చేసినప్పుడు

జ్వరం బిళ్ళ వేసి, అది పనిచేసేలోగా సెంటరులో దింపి వెళ్ళిపోవడం చాలాచోట్ల జరుగుతుంది. బీడీలు చుట్టే తల్లికి, పవర్‌లూమ్ మీద పనిచేసే తండ్రికి ఒక రోజు మానితే ఆ రోజు కూలి పోతుందని తెలిసే ఈ మాట అంటున్నాను. కాని ఒక బిడ్డ జ్వరం నాలుగిళ్ళకు పాకితే నాలుగు కూలీలు పోతాయి. ఇరుగుపొరుగున రెండు మూడు కుటుంబాలు కలిసి, బిడ్డకు ఒంట్లో బాగాలేని రోజున ఎవరింటి పెద్దలు చూసుకోవాలో ముందే అనుకుంటే మంచిది. నావంటి రిటైరైన తాతలు ఇందుకు పనికివస్తారు.

తట్టు వస్తే దద్దురు కనిపించాక కనీసం 4 రోజులు, అమ్మవారు పోస్తే పొక్కులన్నీ ఎండేవరకు బిడ్డను ఇంట్లోనే ఉంచాలి. విరేచనాలైతే ఓఆర్‌ఎస్ నీళ్ళతో పాటు డాక్టరు చెప్పిన మోతాదులో జింకు బిళ్ళలు 14 రోజులు వాడాలి, మధ్యలో తగ్గినా ఆపరాదు. ఏడాది దాటిన బిడ్డ నిమిషానికి 40 లేక అంతకు మించి ఊపిరి తీస్తున్నా, ఏమీ తాగలేకపోతున్నా, ఫిట్స్ వచ్చినా, మగతగా పడి ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

అడిగి తీసుకోవలసినవి

విటమిన్-ఎ ద్రావణం 9 నెలల నుండి 5 ఏళ్ళ వరకు ఆరు నెలలకొకసారి మొత్తం 9 మోతాదులు ఇస్తారు. ఈ పద్ధతికి ఆధారమైన పరిశోధన మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో జరిగినదే. ఐరన్ సిరప్ 6 నెలల నుండి 5 ఏళ్ళ వరకు వారానికి రెండుసార్లు 1 మి.లీ. చొప్పున ఇవ్వాలి. నులిపురుగుల మందు ఏడాది దాటినప్పటి నుండి ఇస్తారు. ప్రైవేటు సెంటరుకు వెళ్ళే పిల్లలు కూడా ఆ రోజున దగ్గరలోని అంగన్‌వాడీకి వెళ్ళి వేయించుకోవచ్చు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద డాక్టర్ల బృందం ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీకి వచ్చి పరీక్ష చేయవలసి ఉంది. ఆ తేదీ కనుక్కుని ఆ పూట మీరు కూడా అక్కడ ఉండండి.

ఉద్యోగం చేసే తల్లులకు ఒక మాట. 50 లేక అంతకు పైబడి ఉద్యోగులున్న సంస్థ శిశు సంరక్షణ కేంద్రం సౌకర్యం కల్పించాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్ళి బిడ్డను చూసుకోవచ్చునని 2017లో చట్టంలో చేర్చారు. 2020 నాటి సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఈ హక్కు ఉంది.

చివరిగా విద్యార్థులకు మనవి. మీ ఇంట్లో అమ్మమ్మకో నాయనమ్మకో ఆ రాష్ట్ర లిపిలో ఉన్న కార్డు చదవడం రాకపోవచ్చు. మీకు వచ్చు. తమ్ముడినో, చెల్లెలినో, అక్క బిడ్డనో సెంటరులో దింపివచ్చేది కూడా చాలా ఇళ్ళలో మీరే. నెలకొకసారి ఆ కార్డు తెరిచి, కిందటి నెల అంకె పక్కన ఈ నెల అంకె పెట్టి, పెరిగిందో లేదో ఇంట్లో పెద్దలకు చెప్పండి. రెండు నిమిషాల పని. మా ఇంట్లో మూడు నెలలు ఎవరూ చేయని పని అదే.