ఒకే పేరాలో కులమూ రంగూ

అమెరికా రాజకీయాల గురించి మన విశ్వవిద్యాలయాల్లో జరిగే చర్చ చాలావరకు వ్యక్తుల గురించిన చర్చే. ట్రంప్ ఏమన్నారు, ఎవరు ఎదురు నిలిచారు, వీసాలు ఏమవుతాయి, అక్కడి తెలుగువారు ఎటు మొగ్గుతున్నారు – ఇంతటితో ముగుస్తుంది. ఆ దేశాన్ని నూట పాతికేళ్లకు పైగా రెండుగా చీలుస్తున్న ఒక ఆలోచన మనకు ఎంత దగ్గరిదో గమనించేవారు తక్కువ. ఆ చీలిక ఒక న్యాయమూర్తి రాసిన ఒకే పేరాలో, పక్కపక్కన ఉన్న రెండు వాక్యాల్లో మొదలైంది.

1892లో లూసియానాలో హోమర్ ప్లెస్సీ తెల్లవారికి కేటాయించిన రైలు పెట్టెలో కూర్చుని అరెస్టయ్యారు. ఆయన పూర్వీకుల్లో ఎనిమిదింట ఏడు వంతుల మంది తెల్లవారే. మిగిలిన ఒక్క వంతూ ఆయనను నల్లవారిలో కలిపింది. ఈ లెక్క మనకు కొత్తేమీ కాదు. 1896లో సుప్రీంకోర్టు 7–1 మెజారిటీతో రైలు పెట్టెల విభజనను సమర్థించింది. విభేదించిన ఒకే ఒక్కరు జాన్ మార్షల్ హార్లాన్, ఒకప్పుడు బానిసలకు యజమాని. ఇక్కడ కులం అనేది లేదని ఆయన ఒక వాక్యంలో రాశారు. మన రాజ్యాంగానికి రంగు కనిపించదని ఆ వెంటనే రాశారు. ‘కులం’ అన్న మాటనే వాడారు.

ఆ మాట ఆయనకు ఊరకే దొరకలేదు. బోస్టన్‌లో నల్లజాతి పిల్లలను వేరే బడికి పంపడాన్ని 1849లో కోర్టులో సవాలు చేస్తూ చార్లెస్ సమ్నర్ దాన్ని కులవ్యవస్థతో పోల్చారు. 1869లో ‘కుల సమస్య’ పేరుతోనే ఉపన్యాసం ఇచ్చారు. నాలుగేళ్ల తర్వాత పూనాలో జోతిరావు ఫూలే ‘గులాంగిరి’ని బానిసల విముక్తికి పాటుపడిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చారు. వారు మన మాటను అరువు తెచ్చుకుంటున్న కాలంలోనే మనం వారి మాటను తెచ్చుకున్నామన్నమాట. అందుకే 2020లో ఇసబెల్ విల్కర్సన్ పుస్తకం వచ్చినప్పుడు, కులం అనే పరాయి మాటను అమెరికాకు అంటగడుతున్నారన్న విమర్శ నాకు వింతగా తోచింది. ఆ పోలిక ఎంతవరకు చెల్లుతుందన్నది వేరే ప్రశ్న. చెల్లదని నల్లజాతి సామాజికవేత్త ఆలివర్ కాక్స్ 1948లోనే పెద్ద గ్రంథం రాశారు.

హార్లాన్ రెండు వాక్యాల మధ్య సంబంధమేమిటి? కులం లేకపోవడం గమ్యమా, రంగును చూడకపోవడం దానికి మార్గమా? లేక రంగును చూడకపోవడమే గమ్యమా? నేటి అమెరికా వాదమంతా ఇక్కడే ఉంది. పౌరులను జాతి పేరుతో విడదీయడమే తప్పు, మేలు కోసమైనా కీడు కోసమైనా అని ఒక పక్షం అంటుంది. ఒక సమూహాన్ని కింద ఉంచడమే తప్పు, విడదీయడం ఆ పని చేసినప్పుడే నేరమవుతుందని రెండో పక్షం అంటుంది. మొదటిదాన్ని అక్కడి న్యాయశాస్త్ర అధ్యాపకులు వర్గీకరణ వ్యతిరేకత అంటారు. (ఆ మాట వినగానే మన ఎస్సీ వర్గీకరణ గుర్తుకు రావడం సహజం. దాని దగ్గరికి తర్వాత వస్తాను.) రెండోదాన్ని అణచివేత వ్యతిరేకత అంటారు.

2023 జూన్ 29న హార్వర్డ్, నార్త్ కరోలినా విశ్వవిద్యాలయాల ప్రవేశ విధానాలను సుప్రీంకోర్టు కొట్టివేసినప్పుడు ఈ రెండు పక్షాలూ ఒకే తీర్పులో ఎదురుపడ్డాయి. రెండూ హార్లాన్‌ను తమవాడే అన్నాయి. బడుల్లో వేర్పాటును రద్దు చేసిన 1954 నాటి బ్రౌన్ తీర్పుకు తామే వారసులమన్నాయి. ఈ తీర్పును చదవమని విద్యార్థులకు ఇస్తే వారు ముందుగా చూసేది ఎవరు రిపబ్లికన్ నియామకం, ఎవరు డెమొక్రాట్ నియామకం అని. అది తెలుసుకోవలసిందే. కానీ అక్కడితో చదవడం ఆపేసేవారికి ఆ తీర్పులోని ఉత్తమమైన భాగం దక్కదు. ఆ భాగం ఇద్దరు నల్లజాతి న్యాయమూర్తులు, క్లారెన్స్ థామస్, కెటాంజీ బ్రౌన్ జాక్సన్, ఒకరికొకరు చెప్పుకున్న సమాధానం.

జాక్సన్ ఇద్దరు ఊహాజనిత విద్యార్థులను మన ముందు నిలబెట్టారు. జాన్, జేమ్స్ ఇద్దరి కుటుంబాలూ ఆ విశ్వవిద్యాలయం పుట్టిన 1789 నుంచి నార్త్ కరోలినాలోనే ఉన్నాయి. తెల్లవాడైన జాన్‌కు సీటొస్తే అక్కడ పట్టా పొందే ఏడో తరం అవుతాడు. నల్లవాడైన జేమ్స్ మొదటి తరం. ఆ ఏడు తరాల్లో అతని పెద్దలు బానిసలుగా, ఆ తర్వాత చట్టం గడప బయట నిలిపిన మనుషులుగా బతికారు. జాన్ తన కుటుంబ చరిత్రను చెప్పుకోవచ్చు, జేమ్స్ చెప్పుకోకూడదా అన్నది ఆమె ప్రశ్న.

థామస్ జవాబును తీసిపారేయడం మన విద్యార్థులకు తేలిక. ‘సొంతవారికి ద్రోహం చేసినవాడు’ అన్న ఒక్క మాటతో పని అయిపోతుంది. నేను ఆ మాటను తరగతిలో ఒప్పుకోను. జార్జియాలోని పిన్ పాయింట్ అనే పేద నల్లజాతి పల్లెలో పుట్టి, తాత దగ్గర పెరిగిన మనిషి ఆయన. తన యేల్ పట్టాకు విలువ లేకుండా పోయిందన్న చేదుతో దాని ఫ్రేముకు 15 సెంట్ల ధర చీటీ అంటించుకున్నానని ఆత్మకథలో రాసుకున్నారు. ప్రతి నల్లజాతి విద్యార్థి విజయం మీదా అనుమానపు నీడ పడుతుందని, మనిషిని అతని జాతి చరిత్రకు మొత్తంగా కుదించకూడదని ఆయన వాదం. ‘కోటా’ అన్న మాటను వెనకనుంచి విన్న దళిత విద్యార్థికి ఆ చేదు తెలియనిది కాదు.

అయినా ఆ వాదంలో కారణం తలకిందులుగా ఉందని నా అభిప్రాయం. కొలంబియాలో చదివి, లండన్ నుంచి 1917లో బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వచ్చిన ఆంబేడ్కర్‌కు ఆ ఊళ్లో తలదాచుకోవడానికి చోటు దొరకలేదు. ఆయన ఏ రిజర్వేషన్ సీటులోనూ చదవలేదు. నీడ పథకం కన్నా ముందు నుంచీ ఉంది. పథకాన్ని తీసేస్తే నీడ పోతుందని అనుకోవడానికి మన అనుభవంలో ఆధారం లేదు.

అయితే అదే తీర్పులో మరో సంప్రదాయవాది నీల్ గోర్సచ్ వేసిన ప్రశ్నకు మన దగ్గర అంత సులువైన జవాబు లేదు. దరఖాస్తులోని ‘ఆసియన్’ అనే గడిలో చైనీయులు, కొరియన్లు, భారతీయులు, బంగ్లాదేశీయులు అందరినీ కుప్పపోశారు, ప్రపంచ జనాభాలో సుమారు 60 శాతం మంది ఒకే గడిలోనా అని ఆయన అడిగారు. దాతల, పూర్వ విద్యార్థుల పిల్లలకు హార్వర్డ్ ఇచ్చే మొగ్గునూ ఆయన వదల్లేదు. (మరుసటి ఏడాది ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లో అలాంటి ప్రవేశాలను నిషేధించే చట్టంపై సంతకం చేసింది కాలిఫోర్నియా డెమొక్రాట్ గవర్నర్ గావిన్ న్యూసమ్.)

ఒకే గడిలో ఉన్నవారంతా ఒకటేనా? ఈ ప్రశ్నను తెలుగు నేల మీద మాదిగలు 1994 నుంచి దండోరా వేసి అడిగారు. 2004లో చిన్నయ్య కేసులో కాదనిపించుకుని, 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనంలో 6–1తో ఔననిపించుకున్నారు. గోర్సచ్ ప్రశ్నా అదే, ముగింపు మాత్రం పూర్తిగా వేరు. గడి సరిగా లేదు గనుక గడినే తుడిచేయమంటారు ఆయన. గడి సరిగా లేదు గనుక లోపల ఇంకో గీత గీయమన్నారు మాదిగలు. లోపం కనిపించినంత మాత్రాన పరిష్కారం ఏదో తేలిపోదని చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకలేదు.

ఆ ‘ఆసియన్’ గడిలో గోర్సచ్‌కూ కనిపించనిది మన కులం. అమెరికా కోర్టుకు అది ఒకసారి తనంతట తానే వెళ్లింది. పౌరసత్వం కోసం భగత్‌సింగ్ థింద్ తాను ‘అగ్రకుల హిందువు’నని, ఆర్యుణ్ణని, కాబట్టి తెల్లవాడినేనని వాదించారు. 1923 ఫిబ్రవరి 19న సుప్రీంకోర్టు కాదంది. సరిగ్గా నూరేళ్లకు, 2023 ఫిబ్రవరి 21న, సియాటిల్ నగర కౌన్సిల్ 6–1తో కులవివక్షను నిషేధించింది. నూరేళ్ల కిందట పైకి ఎక్కడానికి వాడిన మాటను ఈసారి రక్షణ కోసం వాడారు.

అదే ఏడాది కాలిఫోర్నియా శాసనసభ ఆమోదించిన ఎస్‌బీ 403 బిల్లును అక్టోబరు 7న న్యూసమ్ వీటో చేశారు. వంశమూలం ఆధారంగా వివక్షను నిషేధించే చట్టం ఇప్పటికే ఉంది, అది చాలన్నారు. వాదనలు పార్టీల గీతలను దాటింది ఇక్కడే. రంగును చూడాలనే పక్షానికి చెందిన గవర్నర్ కులానికి విడిగా పేరు పెట్టనక్కర్లేదన్నారు. పేరు పెడితే ఒక సమాజం మొత్తం మీద అనుమానపు ముద్ర పడుతుందని బిల్లును వ్యతిరేకించిన ప్రవాస భారతీయులు అన్నది, మాట మార్చి చెబితే, థామస్ వాదమే. ఆ భయాన్ని అబద్ధమని కొట్టేయలేం. భారతీయ సహోద్యోగిని చూడగానే ‘నీ కులమేమిటి’ అని తెల్ల మేనేజరు అనుమానంగా అడిగే రోజు రావడం ఎవరికీ గౌరవం కాదు. కానీ పేరు లేని చట్టంతో ఫిర్యాదు చేయవలసిన మనిషి పరిస్థితి కూడా ఆలోచించాలి. కులమంటే ఏమిటో తెలియని అధికారికి ముందు తన కులాన్ని వివరించి, ఆ తర్వాతే తనకు జరిగింది చెప్పుకోవాలి. ఆ వివరించడమే బయటపడటం. తన ఇంటిపేరునూ ఊరినీ దాచుకుని బతికేవారికి అది ఎంత బరువో తెలుగు సంఘాల సమావేశాలకు వెళ్లివచ్చిన నా పాత విద్యార్థులు కొందరు చెప్పారు.

వీటోకు ముందు, 2023 సెప్టెంబరులో, అదే కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో నగరం తన వివక్ష నిషేధ నిబంధనల్లో కులాన్ని పేరుపెట్టి చేర్చింది. ఫ్రెస్నోలో ఒక ఉద్యోగికి ఆ మాట స్థానిక చట్టంలో రాసి ఉంది. కారులో మూడు గంటల దూరంలో, మనవాళ్లు వేలమంది పనిచేసే సిలికాన్ వ్యాలీలో, తనకు జరిగింది కులవివక్షేనని చెప్పదలచినవారు వంశమూలం అన్న మాట కింద దానికి చోటు వెతుక్కోవాలి.