పాత పడవకు కొత్త తాళ్ళు

మీకెవరో ఒక చిన్న పాత తెరచాప పడవ చవకగా ఇచ్చారనుకోండి. పడవ గట్టిగానే ఉన్నది. స్తంభం ఉన్నది, చాప ఉన్నది. కాని సంచీ విప్పి చూస్తే సగం తాళ్ళు లేవు. ఒక కప్పీ లేదు. ఇప్పుడేం చేస్తారు? దొరికిన తాడేదో కట్టి నీళ్ళలోకి తోసేస్తారా? తొందరపడకండి. ముందు ఆ పడవ సంగతి తెలుసుకుందాం.

పిల్లల తెరచాప పడవల్లో పేరుపొందినది ‘ఆప్టిమిస్ట్’. ఆ మాటకు ఆశావాది అని అర్థం. 1947లో అమెరికాలో, ఫ్లోరిడా రాష్ట్రంలోని క్లియర్‌వాటర్ అనే ఊళ్ళో క్లార్క్ మిల్స్ అనే ఆయన దీనిని రూపొందించాడు. ఖర్చు తక్కువ కావాలి, పిల్లలు పెద్దల సాయంతో తామే చేసుకోగలగాలి—అదీ ఉద్దేశం. అందుకే ప్లైవుడ్ పలకలతో చేశాడు. దీని ముక్కు కోసుగా ఉండదు. చూడటానికి తొట్టిలా ఉంటుంది. పొడవు 2.3 మీటర్లు. ఇప్పుడు వీటిని ఎక్కువగా ఫైబర్‌గ్లాసుతో చేస్తున్నారు. తొట్టి బరువు 35 కిలోలు. మన హైదరాబాదు హుస్సేన్ సాగరంలో కూడా పిల్లలు వీటిని నడుపుతారు.

ఏది పోయిందో తెలియాలంటే ఏమేమి ఉండాలో తెలియాలి గదా! సామానంతా నేలమీద పరచండి. మూడు కొయ్యలు కనిపిస్తాయి. (ఈ రోజుల్లో ఇవి అల్యూమినియం గొట్టాలే, అయినా కొయ్యలనే అందాం.) నిలువుగా నిలబడేది స్తంభం. చాప అడుగు అంచును పట్టేది అడ్డకొయ్య. ఏటవాలుగా పోయి చాప పైమూలను ఎత్తి పట్టేది మూడోది. చాపను స్తంభానికీ, అడ్డకొయ్యకూ చిన్న చిన్న తాళ్ళతో కడతారు. ఒక్కటి పోయినా ఆ చోట చాప ముడతలు పడి, గాలి బలం వృథా అవుతుంది.

మీ చేతిలో ఉండే పొడుగైన తాడు ఒకటుంది. దాన్ని లాగితే చాప దగ్గరకు వస్తుంది, వదిలితే దూరంగా పోతుంది. ఇది కప్పీల గుండా పోతుంది. ఎందుకో తెలుసా? అడ్డకొయ్యను మూడు పేటల తాడు పట్టి ఉంటే, మీ చెయ్యి ఇంచుమించు మూడోవంతు బలం పెడితే చాలు. దానికి బదులుగా మూడింతల తాడు లాగాలి, అంతే. పోయిన కప్పీ పెట్టకపోతే, పెద్ద గాలి వచ్చినప్పుడు ఆ భారమంతా మీ చేతిమీదే పడుతుంది.

కొత్త తాడు ఎంత కొనాలి? గాలిపటం దారం తీసుకుని, ఆ తాడు పోవలసిన దారివెంటే నడిపించండి. చాపను పూర్తిగా బయటికి తోసి కొలవండి. ముడులకు కొంత కలుపుకోండి. తాళ్ళన్నీ తెల్లగా ఉన్నా అన్నీ ఒకటి కావు. నైలాను తాడు సాగుతుంది. చాప కట్టడానికి పనికిరాదు. దానికి పాలియెస్టరు తాడు మంచిది. పడవకు కట్టి లాక్కుపోయే తాడు మాత్రం నీటిమీద తేలేది కావాలి. దాని పొడవు కనీసం 8 మీటర్లు ఉండాలని ఈ పడవల నిబంధన. బకెట్టు నీళ్ళలో చిన్న ముక్క వేసి చూడండి, తేలుతుందో మునుగుతుందో తెలిసిపోతుంది.

ఇక అన్నిటికంటె ముఖ్యమైనది చాలా చిన్నది! స్తంభం ముందువైపు అడ్డబల్లలోని కన్నంగుండా దిగి, అడుగున ఒక గుంటలో కూర్చుంటుంది. అది పైకి జారిపోకుండా ఒక బిగింపో, తాడో ఉండాలి. నేలమీద ఇది లేని లోటు తెలియదు. పడవ బోల్తాపడినప్పుడు తెలుస్తుంది. స్తంభం గుంటలోంచి జారుతుంది. పడవను తిరిగి లేపబోతే స్తంభం గునపంలా అడ్డబల్లను పెకలిస్తుంది, పడవే పగలవచ్చు. చూశారా, మూరెడు తాడు లేక ఎంత పని జరిగిందో!

అందుకని మొదటి పరీక్ష నీళ్ళలో వద్దు, గడ్డిమీద పెట్టండి. ముందు తల పైకెత్తి కరెంటు తీగలు లేవని చూసుకోండి. అల్యూమినియం స్తంభం తీగను తాకితే ప్రాణాపాయం. తర్వాత నాన్నగారి సాయంతో పడవను పక్కకు వాల్చి, స్తంభాన్ని పట్టి లాగండి. ఊడి రాకూడదు. చేతితాడు చివర ఎనిమిది అంకెలాంటి ముడి వెయ్యండి; అప్పుడది కప్పీలోంచి జారిపోదు. ఇనుప తీగలతో కట్టకండి, తుప్పు పట్టి తెగుతాయి.

అన్నీ సరిపోయాయా? అయితే ఈత నేర్చుకుని, తేలే కోటు తొడుక్కుని, నేర్పే పెద్దవారు ఒడ్డున ఉండగా పడవను నీళ్ళలోకి దించండి. ప్రతిసారీ బయలుదేరే ముందు ఆ మూరెడు తాడును ఒకసారి తడిమి చూడటం మాత్రం మరచిపోకండి!