దగ్డీ చాళ్ చూడాలని

ముంబైకి పోయి గేట్‌వే, జుహూ బీచి చూసొచ్చినవాళ్లు మన సోలాపూర్‌లో ఇంటికొకరు దొరుకుతారు. నాకు మాత్రం ఎప్పట్నుంచో వేరే కోరిక. దగ్డీ చాళ్ చూడాలి, డోంగ్రీ గల్లీల్లో తిరగాలి. 1998లో 'సత్య' సినిమా చూసినప్పుడు పుట్టిన కోరిక. తీసింది మన తెలుగు రాంగోపాల్ వర్మ, సత్యగా వేసింది మన చక్రవర్తి. ఇప్పుడు నా మేనల్లుడికి 'డాడీ' సినిమాతో అదే పిచ్చి పట్టింది. "మామా, నవరాత్రికి పోదాం. అప్పుడు దేవి దర్శనానికి ఎవలైనా లోపలికి పోవచ్చంట" అంటాడు. మా అక్కేమో "గూండాల ఇండ్లు సూసెటందుకు టికెట్ పైసలు దండుగ" అని తిడుతుంది.

అక్క మాటలో న్యాయముంది. అయినా పోదామనే అంటాను, ఎందుకంటే ఆ కథ మొదలైంది గిర్నీ గేటు ముందరే.

బైకుల్లా, చించ్‌పోక్లీ, లాల్‌బాగ్, పరేల్, వర్లీ ఇవన్నీ కలిపి గిరణ్‌గావ్ అంటారు. గిర్నీల ఊరు. కొంకణ్ నుంచి వచ్చిన మరాఠీవాళ్ల పక్కనే తెలంగాణ నుంచి పోయిన మన పద్మశాలీలూ అక్కడ సాంచాలు నడిపారు. ముఠాలు అప్పుడే ఉన్నాయి. సారా ఉంది, మట్కా ఉంది. ఆ మట్కా కూడా న్యూయార్క్ పత్తి ధరల మీద పందేలతోనే పుట్టింది.

1982 జనవరి 18న దత్తా సామంత్ పిలుపుతో రెండున్నర లక్షల మంది పని ఆపారు. ఏడాది దాటినా తెగలేదు. ఊళ్లో పొలమున్నోడు ఊరికి పోయాడు, లేనోడు భివండీ పవర్‌లూములకు పోయాడు. తండ్రి వెనకాల బద్లీగా చేరదామని చూస్తున్న పిల్లలకు గేటు మూసుకుపోయింది. అందరూ దొంగలు కాలేదు, ఈ మాట గట్టిగా చెప్పాలి. ఎక్కువమంది కూరగాయలమ్మారు, వాచ్‌మెన్లయ్యారు. ఆడవాళ్లు ఖానావళ్లు నడిపి పిల్లల్ని సాకారు. కానీ ముఠాలకు కుర్రాళ్లు దొరికిందీ ఆ చాళ్లలోనే. అరుణ్ గవ్లీ కూడా గిర్నీ కార్మికుడి కొడుకే.

సినిమాల్లో సరిగ్గా కనపడనిది తర్వాతి భాగం. గిర్నీ మూస్తే యంత్రాలు పాత ఇనుము, కింది జాగా బంగారం. 1994లో ఖటావ్ మిల్లు యజమాని సునీత్ ఖటావ్‌ను మహాలక్ష్మి దగ్గర కారులోనే కాల్చి చంపారు. 1997 జనవరి 16న దత్తా సామంత్‌ను పోవైలో ఇంటి దగ్గరే కాల్చారు. ఒకరు యజమాని, ఒకరు కార్మిక నాయకుడు!

మిల్లు జాగాలో మూడో వంతు నగరానికి, మూడో వంతు ఇళ్లకు, మిగిలింది యజమానికి అని 1991లో నియమం పెట్టారు. 2001లో ఆ పంపకాన్ని ఖాళీ జాగా వరకే కుదించారు. షెడ్లున్న జాగా అంతా లెక్కలోంచి జారిపోయింది. 2006లో సుప్రీంకోర్టు కూడా దాన్నే నిలబెట్టింది. దీనికి తుపాకీ అక్కర్లేకపోయింది. 2012లో కార్మికుల ఇళ్లకు లాటరీ తీస్తే ఇళ్లు 6,925, దరఖాస్తులు లక్షకు పైన.

గవ్లీని హీరో అనుకునే మా అల్లుడికి ఇంకోటి కూడా చెప్పాను. అతను 2004లో ఎమ్మెల్యే అయ్యాడు, 2007లో ఒక కార్పొరేటర్ హత్య జరిగింది, ఆ కేసులో 2012లో యావజ్జీవం పడింది. వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయినా పోదాం మామా" అన్నాడు.

సరే, పోతున్నాం. రాత్రి సిద్ధేశ్వర్ ఎక్కితే పొద్దున్నే సీఎస్‌ఎమ్‌టీ. బైకుల్లాలో దిగి దగ్డీ చాళ్, సాత్ రస్తా. లోకల్ ఎక్కి కర్రీ రోడ్‌లో దిగితే అక్కణ్నుంచి నడిచే లోయర్ పరేల్. ఫీనిక్స్ మిల్లు ఇప్పుడు మాల్ అయింది. కాఫీ ధర చూసి వాడు బెదిరిపోతాడేమో, లోపల తిరగడానికి మాత్రం పైసలడగరు.

మీ ఇంట్లో పెద్దవాళ్లెవరైనా అక్కడ పనిచేసి ఉంటే, గిర్నీ పేరు, చాళ్ పేరు రాసి పంపండి. ఎట్లాగూ అటే తిరుగుతాం కాబట్టి, ఉన్నాయో లేదో చూసొస్తాం.