నావలో పులగం

ధర్మపురి గోదావరిలోనో, సిరిసిల్ల చెంత మధ్య మానేరులోనో పూటంతా నావపై గడిపే జగిత్యాల, కోరుట్ల గృహస్థులకు పులగాన్ని మించిన భోజనం లేదు. ఊగే నావలో జఠరాగ్ని మందగిస్తుంది. వేపుళ్లు వికారాన్ని పెంచుతాయి.

గ్లాసు బియ్యానికి అరగ్లాసు దోరగా వేయించిన పెసరపప్పు, ఆరు గ్లాసుల నీరు, జీలకర్ర, చిటికెడు శొంఠి, తగినంత సైంధవ లవణం చేర్చి మెత్తగా ఉడికించాలి. దించాక చెంచాడు నెయ్యి చాలు. జలాశయపు నీటిని మరిగించకుండా తాగరాదు. చేపల పులుసు తిన్నపూట పాలు, పాయసం ముట్టరాదు. అది విరుద్ధాహారమని చరక సంహిత చెబుతోంది. మన సత్తుపిండి మంచిదే, బెల్లం తగ్గిస్తే!

పసిబిడ్డలున్న నావలో మాత్రం పొయ్యి వెలిగించరాదు. పులగం ఇంటనే వండి, వేడిగా మూతపెట్టి తీసుకువెళ్లి రెండు గంటల్లోగా తినాలి. వాంతులు ఆగక మూత్రం తగ్గితే వెంటనే ఒడ్డు చేరి వైద్యుని సంప్రదించండి.