ఆయన దాచిన డబ్బాలో ఏముంది?

పెళ్ళిబట్టలు కొనాలంటే మా వీధిలో అందరికీ పత్తర్‌గట్టే గుర్తొస్తుంది. రాతి కమాన్ల కింద వరసగా బట్టల దుకాణాలు, ముత్యాల కొట్లు, అత్తరు వాసనలు... ఒక పట్టాన ఇంటికి రాబుద్ధి కాదు. ఆమధ్య పక్కింటి అమ్మాయి, చెల్లెలి పెళ్ళికి బట్టలు తీసుకుందాం రమ్మంటే నేనూ వెళ్ళాను. ఆమెకు పెళ్ళయి ఏడాదిన్నర. దుకాణదారు చీర మీద చీర పరుస్తున్నా ఆ పిల్ల మనసు చీరల మీద లేదు. బయటికొచ్చి కమాను నీడలో నిలబడ్డాక మెల్లగా నోరు విప్పింది.

"అక్కా, ఎవరికీ చెప్పకు. మా ఆయన నాలుగు దినాల సంది సక్కగ నడుస్తలేడు. ఏమైందంటే గుస్సా అయితడు. నిన్న అల్మారాల బట్టల ఎనక ఒక డబ్బా దొరికింది..."

ఆ డబ్బాలో ఉన్నది పురుషాంగాన్ని సాగదీసే పరికరం. కొరియర్‌లో తెప్పించుకున్నాడట. ఆమె చెబుతున్నంతసేపూ నా చూపు పక్క సందు గోడ మీదికి పోయింది. అక్కడ 'గుప్తరోగాలకు గ్యారంటీ చికిత్స' అని కాగితం అంటించి ఉంది. ఇన్నాళ్ళూ చూసీ చూడనట్టు దాటిపోయేవాళ్ళం. దాని వల్ల నొప్పి పడే మనిషి మన ఇంట్లోనే ఉండొచ్చని ఎప్పుడైనా అనుకున్నామా?

ఏమిటీ పరికరం?

అడుగున ఒక రింగు, దానికి రెండు పక్కలా సన్నని కడ్డీలు, పైన అంగం కొనను పట్టి ఉంచే పట్టీ. మరలు తిప్పినకొద్దీ కడ్డీల పొడవు పెరిగి అంగం సాగుతుంది. ఇది పూర్తిగా బూటకమేమీ కాదు. అంగం లోపలి పొరలో మచ్చలాంటి గట్టిదనం ఏర్పడి వంకర తిరిగే జబ్బు ఒకటుంది. 1743లో దాన్ని వివరించిన ఫ్రెంచి వైద్యుడి పేరు మీద పెయ్‌రోనీ వ్యాధి అంటారు. అలాంటివాళ్ళకు యూరాలజీ డాక్టర్లు కొలత చూసి, ఎంతసేపు పెట్టుకోవాలో చెప్పి దీన్ని వాడిస్తారు.

మరి ఏ జబ్బూ లేనివాళ్ళకు? 2009లో ఇటలీ వైద్యులు ప్రచురించిన ఒక పరిశీలనలో, రోజుకు కనీసం 4 గంటల చొప్పున 6 నెలలు వాడితే సాగదీసి కొలిచిన పొడవు సగటున 1.7 సెంటీమీటర్లు పెరిగింది. లావులో చెప్పుకోదగ్గ తేడా లేదు. నెలలో అంగుళాలు పెరుగుతుందనే ప్రకటనకూ దీనికీ ఎంత దూరమో చూడండి!

అసలు అవసరమెంతమందికి?

2015లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 15 వేల మందికి పైగా మగవాళ్ళ కొలతలను క్రోడీకరించారు. మామూలుగా ఉన్నప్పుడు సగటు పొడవు సుమారు 9.2 సెంటీమీటర్లు, గట్టిపడినప్పుడు సుమారు 13.1 సెంటీమీటర్లు. సగటుకు కొంచెం అటూ ఇటూ ఉన్నా మామూలే. తనది చిన్నదని దిగులుపడి డాక్టరు దగ్గరికి వెళ్ళేవాళ్ళలో చాలామందికి ఏ లోపమూ ఉండదు. లోపమంతా స్నేహితుల గొప్పలు, నీలిచిత్రాలు చూసి పెట్టుకున్న భయంలోనే.

నొప్పి పుడితే పనిచేస్తున్నట్టా?

మా పక్కింటబ్బాయి చేసిన పొరపాటు ఇదే. కొంచెం లాగుతున్నట్టు అనిపించడం వేరు, నొప్పి వేరు. తొందరగా ఫలితం రావాలని మరలు ఇంకా తిప్పాడు. రాత్రంతా పెట్టుకునే నిద్రపోయాడు. తెల్లారేసరికి చర్మం ఒరుసుకుపోయి, కమిలి, వాచింది. నిద్రలో తిమ్మిరెక్కినా తెలియదు కదా!

ఈ గుర్తుల్లో ఏది కనిపించినా పరికరం ఆ క్షణమే తీసెయ్యాలి:

- నొప్పి, మంట
- తిమ్మిరి, స్పర్శ తెలియకపోవడం
- కొన చల్లబడటం, నీలంగా గానీ తెల్లగా గానీ మారడం
- వాపు, చర్మం చిట్లడం, నెత్తురు చెమర్చడం

తీశాక పసుపు, వేడినూనె, ఘాటైన బామ్‌లు రాయకండి. పుండు పూర్తిగా మానేదాకా మళ్ళీ పెట్టకూడదు. రంగు, స్పర్శ త్వరగా మామూలు కాకపోతే అదే రోజు డాక్టరుకు చూపించాలి.

షుగరు జబ్బున్నవాళ్ళకు స్పర్శ తగ్గి నొప్పి తెలియకపోవచ్చు, పుండు త్వరగా మానదు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళకు చిన్న ఒత్తిడికే లోపల నెత్తురు చేరవచ్చు. వీళ్ళు డాక్టరు చెప్పందే దీని జోలికి పోనేకూడదు.

రింగు బిగుసుకుపోతే...

ఇది ఆపద. వెళ్ళిన రక్తం వెనక్కి రాలేక వాపు పెరుగుతుంది, వాచినకొద్దీ రింగు ఇంకా బిగుస్తుంది. గంటలు గడిస్తే కండ చచ్చుబడవచ్చు. ఇంట్లో కత్తితో, కటింగ్ ప్లేయరుతో ప్రయోగాలు వద్దు. అర్ధరాత్రయినా సరే క్యాజువాలిటీకి వెళ్ళాలి. అక్కడివాళ్ళు ఇలాంటివి చూసే ఉంటారు, నవ్వరు. పత్తర్‌గట్టి నుంచి మదీనా దాటి, నయాపూల్ మీదుగా మూసీ దాటితే అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి. దూరం కొద్దిపాటిదే, సిగ్గే దాన్ని పెంచుతుంది.

గోడల మీది మాటలు

లైంగిక సామర్థ్యం పెంచుతామని ప్రకటనలు ఇవ్వడాన్ని 1954 నాటి ఔషధాలు, మాంత్రిక చికిత్సల చట్టం నిషేధించింది. ఆ చట్టంలో 'ఔషధం' అంటే మాత్రలూ లేహ్యాలే కాదు, శరీర నిర్మాణాన్ని మార్చడానికి ఉద్దేశించిన వస్తువు కూడా. ఔషధ నియమాల్లోని 'జె' షెడ్యూలు ప్రకారం, జననాంగం పరిమాణం పెంచుతుందని ఏ మందు మీదా చెప్పుకోకూడదు. గ్యారంటీ అన్న మాట చూస్తేనే అనుమానించండి.

మనం ఏం మాట్లాడాలి?

డబ్బా దొరికిందని నిలదీయకండి. నవ్వకండి. అత్తగారి చెవిన, తోడికోడలి చెవిన అసలు వేయకండి. ఆయన ఒంటరిగా ఉన్నప్పుడు, "నొప్పిగా ఉందా? ముందు అది తీసెయ్యండి, డాక్టరు దగ్గరికి ఇద్దరం పోదాం" అంటే చాలు. మీకు ఏ అసంతృప్తీ లేకపోతే ఆ మాట నోరు తెరిచి చెప్పండి. మీరు చెబితే తప్ప ఆయనకు తెలియదు.

ఆ రాత్రి ఆ అమ్మాయి అలాగే అడిగింది. మొదట కసురుకున్నాడు, తర్వాత ఏడ్చాడట. మర్నాడు యూరాలజీ డాక్టరు పరీక్ష చేసి, పుండుకు మందు రాసిచ్చి, "నీకు ఏ లోపమూ లేదు, దీన్ని పారెయ్" అన్నారు. కొలతా మామూలే, షుగరూ లేదు.

పది రోజుల తర్వాత మిగిలిన బట్టలకు మళ్ళీ పత్తర్‌గట్టికి వెళ్ళాం. ఈసారి ఆయన కూడా వచ్చాడు. గంటసేపు చీరలు తిరగేయించి, చివరికి చెల్లెలితో పాటు తనకూ ఒకటి తీసుకుంది ఆ పిల్ల. సంచులన్నీ ఆయనే మోశాడు, చక్కగా నడుస్తూ!