బండి వెనుక బరువు

ఇంగ్లండులోను, యూరపు ఖండమందును వేసవి వచ్చినదనగానే రోడ్లమీద ఒక విధమైన వ్యాను విరివిగా కనబడును. వెలుపలినుండి చూచిన అది సామాన్యమైన పెట్టెబండి. తలుపు తీసి చూచిన లోపల ఒక చిన్న కాపురము: మడత పడక, గ్యాసుపొయ్యి, నీటి తొట్టి, గిన్నెల అర. దీనిని క్యాంపర్ వ్యాను అందురు. జర్మనీలో ఫోక్స్‌వాగన్ వారు 1950లో తమ పెట్టెబండిని తయారుచేయ మొదలుపెట్టగా, మరుసటి యేడే వెస్ట్‌ఫాలియా వారు అందులో ఇమిడెడు పడకను, వంటసామగ్రిని అమర్చి చూపిరి. ఇల్లు చక్రములమీద నడచుట నాటినుండి సామాన్య గృహస్థులకు కూడ అందుబాటులోనికి వచ్చినది.

అయితే ఇల్లెంత చిన్నదైనను ఇంటివారి కోరికలు చిన్నవి కావు. బండిని ఏ చెరువు గట్టుననో, అడవి యంచుననో నిలిపిన తరువాత చుట్టుపక్కల తిరుగుటకు సైకిళ్లు కావలెను. సైకిళ్లను లోపల పెట్టినచో మనుష్యులకు చోటుండదు. కాబట్టి అవి వెలుపల వ్రేలాడవలసినదే. ఎక్కడ వ్రేలాడవలెను, దేనిని పట్టుకొని వ్రేలాడవలెను అన్నది పైకి కనిపించునంత స్వల్ప విషయము కాదు. గంటకు 100 కిలోమీటర్ల వేగముతో పోవు బండినుండి ఒక సైకిలు జారి పడినచో దాని ఫలము అనుభవించువాడు దాని యజమాని కాదు. వెనుక వచ్చు బండిలోని అమాయకుడు.

సైకిళ్లను మోయుటకు మూడు తావులు కలవు. మొదటిది పైకప్పు. నిద్రకొరకు పైకి లేచెడు కప్పు గల బండ్లకు ఈ పద్ధతి సాధారణముగా పొసగదు. పొసగినను బరువైన సైకిలును తలకు మించి ఎత్తుట ఎల్లరకు సాధ్యము కాదు. రెండవది వెనుక తలుపు. తలుపునకే చట్రము బిగించి సైకిళ్లు తగిలింతురు. తేలిక సైకిళ్లకు ఇది చక్కని యేర్పాటే గాని, బరువు పెరిగినకొలది బందులమీదను, తలుపును పైకెత్తి నిలుపు గొట్టములమీదను భారము పడును. మూడవది టోబారు. పిల్లబండిని లాగుటకై వ్యాను చట్రమునకు బిగించిన ఉక్కు దూలమిది. దాని నడుమనుండి హంసమెడవలె వంగిన కడ్డీ యొకటి వెలుపలికి వచ్చి, కొసను ఉక్కుబంతితో ముగియును. ఈ బంతి వ్యాసము యూరపునందు 50 మిల్లీమీటర్లు. సైకిలు స్టాండు ఈ బంతిని పిడికిలి పట్టినట్లు పట్టుకొని నిలుచును. సైకిలును మోకాలి యెత్తునకు లేపిన చాలును. నేడు ఈ పద్ధతికి ఆదరము హెచ్చుటకు ముఖ్యకారణము విద్యుత్తు సైకిలు. మామూలు సైకిలు 12, 15 కిలోలుండగా, విద్యుత్తు సైకిలు సాధారణముగా 20 నుండి 27 కిలోల వరకు తూగును.

లీడ్స్ నగరమందు కాపురమున్న మా తమ్ముని యింట ఒక వేసవి గడుపుచుండగా ఈ ఎంపిక యంతయు నా కన్నులయెదుట జరిగినది. దంపతులకు రెండు విద్యుత్తు సైకిళ్లు, పిల్లలిద్దరికి రెండు చిన్న సైకిళ్లు. హల్ రేవునుండి ఓడలో రోటర్‌డాం చేరి, సైకిళ్లకు స్వర్గమనదగిన నెదర్లాండ్సులో పది దినములు తిరుగవలెనని వారి సంకల్పము. మా తమ్ముడు ఒక దుకాణము పట్టికలో నాలుగు సైకిళ్ల స్టాండు బొమ్మను చూచి, వెల తగ్గించినారని సంతసించి, కొనుటకు సిద్ధమైనాడు. "నాలుగు సైకిళ్లున్నాయి, నాలుగింటి స్టాండు కొంటున్నాను, ఇంక ఆలోచించేదేముంది?" అని అతని వాదము. ఆలోచింపవలసినది బండి క్రింద నున్నది.

టోబారునకు చిన్న రేకుబిళ్ల యొకటి అతికించి యుండును. దానిమీద రెండు ముఖ్యమైన అంకెలు. డి అను అక్షరము ప్రక్కనున్నది లాగుటకు సంబంధించినది. ఎస్ అను అక్షరము ప్రక్కనున్నది బంతిమీద నిలువుగా పడదగిన బరువు, కిలోలలో. సైకిళ్లవారికి కావలసినది ఈ రెండవది. మోకరిల్లి టార్చి వేసి చూడగా మా వారి బిళ్లమీద 75 అని యున్నది. బండి తయారించినవారి పుస్తకమునందు 100 అని యున్నది. రెండింటిలో ఏది పాటింపవలెను? తక్కువదానినే. స్టాండునకు వేరుగా ఒక మితి యుండును. ఒక్కొక్క సైకిలు పట్టెకు మరియొక మితి యుండును. వీనిలో ఏ యొక్కటి దాటినను దాటినట్లే. గొలుసు బలము దాని బలహీనమైన కొక్కెమునందే యుండును గదా.

ఇక కూడిక. స్టాండు స్వంత బరువును చాలమంది మరచిపోవుదురు. నాలుగింటి స్టాండు 22 కిలోలు. పెద్ద సైకిళ్లు రెండును 50. చిన్నవి రెండును 24. మొత్తము 96. అనుమతి 75. పట్టికలోని బొమ్మ అబద్ధము చెప్పలేదు, నాలుగు సైకిళ్లు నిజముగానే పట్టును. అయితే మోయవలసిన బంతి మాట ఆ బొమ్మలో లేదు.

ఎడ్లబండి తోలినవారికి ఈ విషయము క్రొత్త కాదు. బస్తాలు వెనుకకు సర్దినచో ఇరుసు ఆధారముగా బండి వెనుకకు మొగ్గి, కాడి పైకి లేచి, మెడపట్టెడలు ఎద్దుల గొంతులు బిగించును. ముందునకు సర్దినచో కాడి మెడలమీద అణచును. అనుభవశాలియైన బండివాడు రెండు బస్తాలు అటునిటు జరిపి, నొగను చేతితో ఎత్తి చూచి, తృప్తి పడినగాని ఎడ్లను కట్టడు. మోటారుబండికి ఎద్దులు లేవు కాబట్టి మూలుగు వినబడదు, అంతే భేదము. అందులకే అంకెలు.

బంతిమీది అంకె దాటకున్నంత మాత్రమున పని ముగియదు. 60 కిలోల బరువు బండి వెనుక వ్రేలాడినచో వెనుక చక్రములమీద ఎంత పడును? అరువదియే యని తోచును. తొమ్మిదవ తరగతిలో తులాదండ సూత్రము చదివిన విద్యార్థి అట్లనడు. మా వారి బండిలో ముందు ఇరుసునకు, వెనుక ఇరుసునకు నడుమ దూరము 3 మీటర్లు. సైకిళ్ల బరువు కేంద్రము వెనుక ఇరుసునకు ఆవల సుమారు మీటరున్నర. ఆధారము వెనుక ఇరుసు. కావున 60ని ఒకటిన్నరతో గుణించి 3చే భాగింపగా 30. అనగా ముందు చక్రములమీదినుండి 30 కిలోలు లేచిపోయి వెనుక చక్రములమీద పడును. వెనుకకు చేరునది 90. మా తమ్ముని కుమారునకు పదునాలుగేండ్లు, కాగితముమీద ఈ లెక్క వేసి, "పెదనాన్నా, అరవై పెడితే తొంభై అయింది, ముప్ఫై ఎవరు పెట్టారు?" అని అడిగినాడు. ఎవరును పెట్టలేదు, ముందునుండి వెనుకకు నడచి వచ్చినవని చెప్పితిని. ఇంజను ముందునుండి, ముందు చక్రములే లాగి, ముందు చక్రములే తిరుగు బండిలో ఆ ముప్పది పోవుట తడిరోడ్డుమీద గమనింపవలసిన విషయమే. భౌతికశాస్త్రము చెప్పు ఉపాధ్యాయులకు తక్కెడ బొమ్మకంటె ఈ ఉదాహరణము తరగతిలో ఎక్కువ పనికివచ్చునని నా నమ్మకము.

ఒక్కొక్క ఇరుసు ఎంత మోయవచ్చునో, మొత్తము బండి ఎంత తూగవచ్చునో తెలుపు రేకు వేరుగా బండిలో నుండును. క్యాంపరులో అల్మారాలు, బ్యాటరీలు, నీరు ఇదివరకే ఆ మితిలో చాల భాగము తినివేసి యుండును. ఊహించుటకంటె లారీలు తూచు కాటాకు తీసికొనిపోయి, ప్రయాణమునకు సిద్ధమైన బండిని ఇరుసు ఇరుసునకు తూచుట మేలు. ఖర్చు స్వల్పము.

చివరకు మా వారు రెండింటి స్టాండు కొనిరి. దాని బరువు 17 కిలోలు, సైకిళ్లు 50, కలిపి 67. విద్యుత్తు సైకిళ్ల బ్యాటరీలు తీసి లోపల పెట్టినచో ఆరు కిలోలు తగ్గి 61. బ్యాటరీని తీసియే మోయుమని స్టాండుల తయారీదారులు చెప్పుచునే యుందురు. వాన తగులకుండుట మరియొక లాభము. పిల్లల సైకిళ్లు ముందుచక్రములు విప్పి, బండిలో గట్టిగా కట్టబడినవి. చిన్నమ్మాయి కొంత అలిగినది. వెనుక వ్రేలాడు సైకిలులో ఒక ఠీవి కలదని ఆమె అభిప్రాయము!

రెండింటిలో బరువైన సైకిలును బండికి దగ్గరగా పెట్టవలెను. దూరము పెరిగినకొలది అదే బరువు బంతి మెడను ఎక్కువ మెలిపెట్టును. పిడికిలి నిలుచునది రాపిడివలననే కాబట్టి, బంతిమీద కందెన గాని రంగు గాని ఉండరాదు. పిల్లబండిని లాగిన బంతికి జిడ్డు ఉండుట సహజము. దానిని తుడువనిదే స్టాండు బిగింపరాదు. బంతి ఉక్కుది కావలెను. అల్యూమినియము బంతులకు తమ స్టాండు బిగింపవలదని తయారీదారులు హెచ్చరింతురు. బిగించిన పిదప రెండు చేతులతో పట్టి ఊపినచో స్టాండు ఒక్కటే కదలరాదు, బండియే ఊగవలెను.

వ్యానునకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి కలదు. దాని వెనుక తలుపు చాల పొడవైనది, పైకి లేచునప్పుడు దూరముగా వెలుపలికి వచ్చును. కార్లకై చేసిన స్టాండులు వెనుకకు వాలును గాని, ఆ వాలు వ్యాను తలుపునకు చాలకపోవచ్చును. తలుపు తెరచుకొననిచో పొయ్యి, బియ్యము, కూర అన్నియు సైకిళ్ల వెనుక బందీలగును. ఎక్కువగా వాలునవి, గేటువలె ప్రక్కకు తిరుగునవి కూడ దొరకును. వెల, బరువు రెండును హెచ్చు. బండిని దుకాణమునకు తోలుకొనిపోయి, సైకిళ్లు పెట్టి, తలుపు తెరచి చూచి కొనుటయే యుక్తము. పొగగొట్టము నోరు ఏ సైకిలు టైరునైనను చూచుచున్నదేమో అప్పుడే గమనింపవచ్చును.

స్టాండు బండి దీపములను, నంబరు పలకను కప్పివేయును గనుక, స్టాండు మీదనే మరల దీపములు, పలక ఉండవలెను. బ్రిటనులో నంబరు పలక సరిగా కనబడకున్న 1000 పౌనులవరకు జరిమానా పడవచ్చును. చేతివ్రాత అట్టముక్క పనికిరాదు. నియమానుసారము చేయించిన పలకయే కావలెను. దీపముల తీగ చివర ప్లగ్గునకు సాధారణముగా 13 సూదులుండును. పాత బండ్ల సాకెట్టు 7 సూదులది. నడుమ మార్పుముక్క చిన్నది, చవకైనది. అయితే వెనుకకు నడుపునప్పటి తెల్లదీపము 7 సూదులనుండి వెలుగదు.

ఓడ టిక్కెట్టు కొనునపుడు బండి పొడవు అడుగుదురు. అడుగునది సైకిళ్లతో కలిపిన పొడవు. అయిదు మీటర్ల లోపు బండి స్టాండుతో అయిదు దాటును, దానితోపాటు కొన్ని ఓడలలో వెలయు దాటును. మా వారు ఇంటి ముందే టేపు పట్టి కొలిచి, ఆ అంకెయే వ్రాసిరి. బయలుదేరిన పిదప పది మైళ్లకు ఒకచోట ఆగి, పట్టీలు ఒక్కొక్కటి లాగి చూడగా, ఒకటి మాత్రము వదులై యున్నది. దానిని మరల బిగించి హల్ రేవునకు సాగిరి.